కన్ను తెలియని ఆరుగురు

నిన్న ల్యాప్‌టాప్ తెర మూలన పసుపు గడి ఒకటి లేచింది. మీ ప్రింటర్ డ్రైవర్ పాతబడింది, వెంటనే ఇక్కడ నొక్కి కొత్తది దించుకోండి అంటోంది. మూసేస్తే మళ్లీ లేచింది. నాలుగోసారికి నేనూ లేచి, ప్రింటర్‌ను తిరగేసి, అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకున్నాను. కంపెనీ సైట్ చిరునామా నేనే కొట్టి, అంకె అంకె సరిచూస్తే, ఉన్నదే సరైనదని తేలింది. ప్రింటర్‌కు కూడా జాతకం చూస్తున్నారా అంది మా ఆవిడ. నవ్వాను గానీ, పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఎనభైల చివర మా బావ జనగామ బస్టాండు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఆరు టైపు మిషన్ల మధ్యకు ఒక కంప్యూటర్ తెచ్చి, దానికి ప్రత్యేకంగా టేబుల్ ఫ్యాన్ పెట్టి, గడప బయట చెప్పులు విడవమని బోర్డు రాసి, నాకు అప్పజెప్పాడు. మాన్యువల్ చదువుకుంటూ సొంతంగానే నేర్చుకున్నాను. మానుకోటలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టేవాళ్లు నూట నలభై రెండు మంది చీటీలు తెచ్చిచ్చారు. పేరు, ఊరు, కుడికన్నా, ఎడమకన్నా. అచ్చు జాబితా రెండు రోజుల్లో కావాలి. అన్నీ ఎక్కించాక ప్రింటర్ పేర్లకు బదులు చుక్కలూ గీతలూ కొట్టసాగింది. దాన్ని నడిపే ఫైలు చెడింది. దానితో వచ్చిన ఫ్లాపీని, పోకుండా ఉండాలని బావ ఎప్పుడో మాన్యువల్‌కు కలిపి స్టేప్లర్ పిన్ను కొట్టేశాడు; చిల్లులు పడి అదీ పనికిరాలేదు.

హైదరాబాదు పోయి, అమ్మినవాళ్ల దగ్గరే ఆ ప్రింటర్ నంబరున్న ఫ్లాపీ తెస్తానన్నాను. ఒక రోజు పోతుందని బావ పరేషాన్ అయ్యాడు. హోటల్లో చాయ్ తాగుతూ కలిసిన ఏజెంటు ఎవరో ఎర్ర చీటీ అంటించిన ఫ్లాపీ ఇచ్చాడట. దాని మీద ఏ నంబరూ లేదు. నంబరు లేదని బావకు చూపించాను.

“అన్నిట్లకు నడుస్తదన్నడు గద బామ్మర్దీ, ఇంక నెంబరేంది? ఎయ్.”

వేశాను. నాలుగు వరుసలు చక్కగా అచ్చయ్యాయి. అంతలో తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే ఊడి కిందికి రాలి, కుప్ప పడ్డాయి. గాలికనుకొని బావ ఫ్యాన్ ఆపాడు. మిషన్ ఆపి మళ్లీ పెడితే లోపల ఏమీ మిగల్లేదు; ఆ ఫ్లాపీలో వైరస్ ఉందని తర్వాత తెలిసింది.

కమ్మీకి గుచ్చిన చీటీలు దించి చేత్తో రాయడం మొదలుపెట్టాను. ఎక్కించడం అయిందిగదా అని అంతకుముందే ఆరు చీటీల మీద బావ చాయ్ గ్లాసు పెట్టి ఉన్నాడు. పేర్లు మిగిలాయి, ఏ కన్నో చెరిగిపోయింది. క్యాంపు రోజు ప్యాసింజర్ రైల్లో మానుకోట పోతూ ఆ ఆరు ఖాళీలనే వేలు పెట్టి మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. తగ్గలేదు. అక్కడివాళ్లు జాబితా చూసి, ఈ ఆరుగురినీ వచ్చే క్యాంపుకు పంపుదామన్నారు. వచ్చే క్యాంపంటే ఏడాది.

ఆ ఆరుగురిలో గంగారం నుంచి కర్ర పట్టుకొని వచ్చిన ఒక అవ్వ ఉంది. ఆమె దగ్గరికి పోయి, తల వంచుకొని, మిషన్ల పోయింది అవ్వా అన్నాను.

“మిషన్‌ను ఎందుకడిగినవ్ కొడుకా? కన్ను నాది గాదా? నన్నడుగు.”

ఎడమ కన్ను మీద వేలు పెట్టింది. డాక్టరు టార్చి వేసి చూసి తలూపాడు. మిగతా ఐదుగురినీ అట్లాగే పిలిచి అడిగి, ఖాళీలు నింపాను.

ఆ కంప్యూటర్ తుక్కుకు పోయింది, ఎర్ర చీటీ ఏజెంటు మళ్లీ కనపడలేదు. తెర మీద ఏ గడి తొందరపెట్టినా, వస్తువు ఎవరిదో వాళ్లనే అడుగుతాను. ముప్పై ఏళ్లు దాటినా, ఆ రైల్లో ఖాళీలు లెక్కపెట్టిన చూపుడువేలు మాత్రం ఇంకా ఆగలేదు.