గండికోటకు తీసుకుపోయిన రెండు లెన్సులు

మా తమ్ముడు పోయినాక కూడా నేను పెండ్లిళ్లకు పోవడం మానలేదు. కల్లూరులో మాది చిన్న ఫొటో స్టూడియో. ఫొటోలు నేను తీసేవాణ్ణి, వీడియో వాడు. డోన్‌లో ఒక రిసెప్షన్ అయిపోయినాక ట్రైపాడ్ మడుస్తూ అక్కడే కూలబడినాడు. గుండె అన్నారు.

దినాలకు గోడకు పెట్టేదానికి ఫొటో కావాలంటే హార్డ్ డిస్కులన్నీ వెతికినాను. ఊరందరి మొహాలూ ఉన్నాయి, వాడిది లేదు. ఎప్పుడూ కెమెరా వెనకాలే కదా. ఆఖరికి ఎవరిదో పెండ్లి గ్రూపు ఫొటోలో, ఒక చివరన, లైటు పట్టుకుని కనిపించినాడు. చివరన నిలబడినందుకు లెన్సు వాడి మొహాన్ని పక్కకు సాగదీసింది. నేనే కంప్యూటరు ముందర కూర్చుని దాన్ని సరిచేసి, కత్తిరించి, ఫ్రేము కట్టించినాను. అంతసేపూ ఏడుపు రాలేదు. దవడ మరీ లోపలికి నొక్కినానేమో అని మాత్రం రెండోసారి చూసుకున్నాను.

ఆ తర్వాత పని మామూలుగానే నడిచింది. నవ్వమంటాను, నవ్వుతారు, నొక్కుతాను. ఆల్బంకు ఏరేటప్పుడే ఏ నవ్వు బాగుందో తెలిసేది కాదు. నా భార్య పక్కన కూర్చుని ఏరిపెట్టేది. కొన్నాళ్లకు మనుషులు లేని ఫొటోలు తీద్దామనుకున్నాను. కొండలు, బీళ్లు, ఆకాశం. దాన్ని కోరిక అనలేను. మొహాలు చూడకుండా చేసే పని ఏదైనా ఉంటే చాలనిపించింది.

కర్నూలు పాతబస్తీలో పాత కెమెరాలు, లెన్సులు అమ్మే సాయిబు నాకు స్టూడియో పెట్టినప్పటి నుంచీ తెలుసు. వెడల్పు లెన్సు కావాలంటే రెండు తీసి బల్ల మీద పెట్టినాడు. ఒకటి పద్నాలుగు మిల్లీమీటర్లది, జూమ్ లేదు. ఇంకొకటి పదహారు నుంచి ముప్పై ఐదు దాకా తిరిగే జూమ్. అంకె తగ్గేకొద్దీ ఎక్కువ మేర పడుతుంది కాబట్టి నా చెయ్యి పద్నాలుగు మీదికే పోయింది. దాని గాజు ముందుకు ఉబ్బి ఉంటుందని, ఎండ తాకిడి తగ్గించే ఫిల్టరు బిగించుకోవడానికి రాదని, మన ఎండలకు ఇబ్బంది పడతానని ఆయన చెప్పినాడు. నేను వింటూ ఊరికే తలాడించినాను.

"ఇంకొక మాట భాయ్," అన్నాడు. "వెడల్పు లెన్సులో ముందర ఏదో ఒకటి ఉండల్ల. రాయో, చెట్టో. లేకుంటే బొమ్మంతా ఖాళీగా ఉంటాది."

"ఖాళీగా ఉంటేనే మేలు భాయ్," అన్నాను.

ఆయన నా మొహం చూసినాడు. రెండూ సంచిలో వేసి, ఫొటోలు తీసి చూసుకుని ఒకటి వెనక్కిమ్మన్నాడు.

ఆ ఆదివారం మరదల్ని పుట్టింటికి దిగబెట్టాల్సి ఉండింది. తమ్ముడి భార్యది జమ్మలమడుగు పక్కన పల్లె. కారులో నేను, నా భార్య, ఆమె. గండికోట దగ్గర కొంచెంసేపు ఆగుదామా అంటే సరేనన్నారు.

కోట వెనక బండల మీదికి పోయి ముందు పద్నాలుగు పెట్టినాను. లోయ, పెన్న, అవతలి గట్టు, ఆకాశం అన్నీ పడినాయి. మూలలో నా సంచి కూడా పడింది. మరదలు వచ్చి కెమెరా తెరలో చూసింది.

"లోయ ఇంతేనా బావా? కండ్లకు శానా పెద్దగుండాది."

అంతా పట్టాలంటే అన్నీ చిన్నవైపోతాయని చెప్పినాను. ఆమె సరేనని పోయి కొంచెం దూరంలో ఒక బండ మీద కూర్చుంది. లెన్సు మార్చి జూమ్ పెట్టినాను. అందులో ఆమె కూడా పడింది. పక్కకు జరగమని చెప్పబోయి, చెప్పకుండానే నొక్కినాను.

"నేను పడినానా?" అని అక్కడి నుంచే అడిగింది.

"పడినావు గానీ చీమంత ఉండావు."

"అట్లే ఉండనీ," అని నీళ్ల వైపు తిరిగింది.

నా భార్య ఎండగా ఉందని కారు దగ్గరికి పోయింది. మేమూ వెనకనే లేచినాం. మధ్యాహ్నానికి మరదలు వాళ్లమ్మ ఇంట్లో సంగటి తిని, సామాను దించి, తిరిగి వచ్చేసినాం. వెనక సీటు ఖాళీగా ఉంది. నా భార్య దాని మీద చున్నీ, నీళ్ల సీసా పెట్టింది.

పద్నాలుగు సాయిబుకు ఇచ్చేసి, జూమ్ ఉంచుకున్నాను. ఎందుకని అడిగితే ఫిల్టరు బిగించుకోవచ్చని చెప్పినాను. చెప్పడానికి నా దగ్గర వేరే కారణం లేదు.

ఫొటో పంపమని మరదలు ఫోన్ చేస్తే వాట్సాప్‌లో పంపినాను. సాయంత్రం మళ్లీ చేసింది.

"పెద్దది చేసి చూసినా బావా. కనబడినాను."

మంచిదన్నాను. మీ అమ్మ మోకాలి నొప్పి ఎట్లుండాదని అడిగినాను. తగ్గిందని చెప్పింది.