నల్ల అచ్చు

వేరుశనగ అచ్చు విషయంలో నాకు కొన్ని పట్టుదలలున్నాయి. మా ఇంట్లోవాళ్లు వాటిని చాదస్తం అంటారు. ఇప్పుడు మేముండే కుప్పంలో ఏ అంగట్లో అడిగినా కడలెమిట్టాయి అని అరవపేరుతో ఒకటిస్తారు. మంచిదే, కానీ అది నా అచ్చు కాదు. నా అచ్చు పుంగనూరుది. చెనిక్కాయ గింజలు, బెల్లం, అంతే. నల్లగా ఉండేది. కొరికితే ముందు చేదు తగిలి, ఆ వెనకాల తీపి వచ్చేది. అంగట్లో ఎర్రటి అచ్చులు కొనుక్కునే పిల్లల్ని చూసి నేనూ మా ఇద్దరు అక్కలూ జాలిపడేవాళ్లం. వాళ్లది పాలిపోయిన అచ్చు అనుకునేవాళ్లం. అలా అని మాకు చెప్పింది మా అమ్మే.

అమ్మ ఆ మిఠాయి కార్ఖానాలోనే పనిచేసేది. కార్ఖానా అంటే ఒక రేకుల కొట్టం, రెండు పొయ్యిలు, అచ్చులు పరిచే చెక్కబల్ల, ఏడెనిమిది మంది ఆడవాళ్లు. యజమానిని ఊరంతా మిఠాయప్ప అనేది. ఆయన అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. అమ్మది పొయ్యి దగ్గర పని, పాకం చూడడం. అది అందరికీ అబ్బేది కాదు. ఉడుకుతున్న బెల్లం చుక్క తీసి నీళ్లలో వేస్తే గట్టిపడాలి. గట్టిపడిన చుక్కను పళ్లెంలో పడేస్తే టంగుమనాలి. ఆ చప్పుడు రాకముందే దించితే అచ్చు పళ్లకు అంటుకుంటుంది. వచ్చాక ఆలస్యం చేస్తే మాడుతుంది.

ఒకరోజు మిఠాయప్ప అమ్మను పొయ్యి దగ్గర్నుంచి తీసేశాడు. పాకం మాటిమాటికీ మాడుస్తోందని, చేతకాదని అందరి ముందరా అన్నాడట. అప్పట్నుంచి ఆమెకు అచ్చులకు కాగితం చుట్టే పని. ఇంటికొచ్చి ఆ సంగతి ఒక్కసారి చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. మేమే ఎత్తేవాళ్లం. కూర అడుగంటితే చాలు, అందుకే నిన్ను పొయ్యి దగ్గర్నుంచి తీసేసినాడు అని ఎగతాళి చేసేవాళ్లం. అమ్మ నవ్వేది కాదు. తల దించుకుని, గిన్నె తీసుకుని పెరట్లోకి పోయేది. ఉద్యోగంలో చేరాక కూడా నేను ఆ ఎగతాళి మానలేదు. నోటికి సిగ్గుండొద్దూ!

పోయిన నెల ఆఫీసు పని మీద మదనపల్లెకు వెళ్లాను. బస్టాండులో అచ్చు కనబడింది. కవరు మీద పుంగనూరు అని ఉంది. సంబరపడిపోయి కొన్నాను. మెరిసే కవరు, లోపల స్కేలు పెట్టి కోసినట్టు సమానమైన పట్టీ. కొరికితే తీపి తప్ప ఏమీ లేదు. బెల్లం వాసనే లేదు. నాకు కోపమొచ్చింది. ఇంత చిన్నదానికి అంత కోపం ఎందుకో నాకే తెలియదు. కుప్పం పోవాల్సిన వాణ్ని పుంగనూరులో దిగిపోయాను.

కొట్టం లేదు. ఆ చోట మిఠాయప్ప వాళ్లన్న కొడుకు మిషన్లు పెట్టి షెడ్డు కట్టాడు. వెనక పాత ఇంటి అరుగు మీద మిఠాయప్ప కూర్చుని ఉన్నాడు, బాగా ముసలివాడైపోయాడు. ఎవరి కొడుకునో చెప్పాను. కాసేపు నా ముఖంలోకి చూశాడు.

"ఆయమ్మ బాగుండాదా?"

"బాగుండాది. మీ అచ్చే బాగలేదు" అన్నాను. దుడుకుగానే అన్నాను.

ఆయన నవ్వాడు. "అది నాది కాదప్పా, మిషనుది. కూసో, నేను సేసిస్తా."

ఇంట్లోవాళ్లను పిలిచి పొయ్యి ముట్టించమన్నాడు. అరుగు దిగడమే కష్టమైనా, చుక్క టంగుమనేదాకా తానే చూశాడు. పాకంలో గింజలు కలిపి చెక్క మీద పరిచి, ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. ఎర్రగా, కరకరలాడుతూ ఎంత బాగుందో! కానీ అదీ కాదు. అంత శ్రమపడ్డ మనిషికి ఆ మాట చెప్పాలంటే బాధేసింది, అయినా అబద్ధం నోటికి రాలేదు.

"ఇది కాదు పెద్దాయనా. మేము తినింది నల్లగా ఉండె. కొంచెం చేదు."

"నల్లగానా?" మిఠాయప్ప చేతిలోని కత్తి కింద పెట్టేశాడు. "నేను ఏనాడూ నల్ల అచ్చు అమ్మలేదు గదప్పా. మాడిన సరుకు అంగడికి పంపేది లేదు, పనోళ్లకి పంచేసేది. నువ్వు తినిందంతా మాడిందే. ఆకలి రుచెరగదంటారు సూడు."

అమ్మ పాకం మాడుస్తుందన్న సంగతీ, మా ఇంటికి నల్ల అచ్చు వచ్చేదన్న సంగతీ రెండూ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏనాడూ చూసుకోలేదు. అంత తెలివి నాది.

"మీ అమ్మ సేతగాక మాడ్సలేదప్పా" అన్నాడాయన. "అట్లాంటి సెయ్యి మళ్లా నాకు దొరకలా. మీ ఇంట్లో ఎవురికన్నా జొరమొస్తే ఆ వారం పాకం మాడేది. మీకు పరీచ్చలొస్తే మాడేది. నాకు తెలస్తానే ఉండె. పిలకాయలు తింటారులే అని ఊరకుంటిని. పెట్టుబడి పెట్టిండేది మా యన్న. ఒకనాడు వచ్చి సూసి, సరుకు యాల ఇట్ల నల్లగుండాది అని అరిసినాడు. కావాలని సేసిందని తెలిస్తే పన్లో నుంచే తీసేస్తాడు. అందుకే సేతగాదంటిని, అందరి ముందరా అంటిని. నిజం సెప్పేదానికి మళ్లా నాకు నోరు రాలా."

మిగిలిన అచ్చులు కాగితంలో చుట్టిచ్చాడు. "నాకు అప్పుడే తెలుసని ఆయమ్మకి సెప్పప్పా" అన్నాడు.

పలమనేరు మీదుగా కుప్పం చేరేదాకా ఆ పొట్లం ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. ఇన్నేళ్ల ఎగతాళికి మన్నించమని అడగాలని దారిపొడుగునా అనుకుంటూ వచ్చాను. తీరా ఎదురుగా కూర్చున్నాక ఆ మాట రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. చేతకాక కాదని ఆయనే ఒప్పుకున్నాడని విని అమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం మాత్రం పాలిపోయింది.

"ఆయప్పకి తెలుసా?"

"అప్పుడే తెలుసంటమ్మా. తెలిసే ఇచ్చినాడంట."

అమ్మ చేతిలోని కాయలు చాటలో పడేసింది. ఇన్నేళ్లూ ఆమె తల దించుకున్నది చేతకాదన్న మాటకు కాదని నాకప్పుడు తెలిసింది. ఒకరి బెల్లం, ఒకరి గింజలు కావాలని పాడుచేసి పిల్లలకు పెట్టానన్నది ఆమె బాధ.

"తెలిసే ఇచ్చింటే, అది దొంగతనం కాదు గదప్పా?" అంది.

"కాదమ్మా" అన్నాను.

"ఇంగోతూరి సెప్పు" అంది.