నల్లద్దం గాగుల్స్, వెనక సీటుకు చెప్పిన సారీ

చాయ్ చల్లారినా పర్వాలేదు గని ముందు గిది వినుర్రి. పోయిన వారం మా ఆమెకు మస్తు మంచిగ సారీ చెప్పిన. ఒక్కటే కష్టం, ఆ టైంల బండి మీద వెనక కూసున్నది మా ఆమె కాదు.

సంగతేందంటే, ఆదివారం మా ఆఫీసోళ్లం వికారాబాద్ దిక్కు మట్టి దారులల్ల బండ్లు నడుపుదామనుకున్నం. నాకు ఫస్ట్ టైం. దుమ్ము, రాళ్లు కండ్లల్ల పడకుంట హెల్మెట్‌కు పెట్టుకునే గాగుల్స్ కావాలె. మా కొలీగ్ నవీన్‌కు గీ రైడింగ్ పాత అలవాటు. వాన్ని తీస్కొని పంజాగుట్టల ఒక షాపుకు పోయిన.

షాపాయన మూడు లెన్సులు ముందల పెట్టిండు. తెల్లది, పసుపుది, ఇంకోటి అద్దం లెక్క మెరిసే నల్లది.

"అన్నా, వానాకాలం. మబ్బుంటది, చెట్ల కింద చీకటుంటది. తెల్లదో పసుపుదో తీస్కో. నల్లది ఎర్రటెండకే," అన్నడు నవీన్.

నేను అప్పటికే నల్లది పెట్టుకొని షాపుల అద్దం ముందల నిలబడ్డ. ఏం చెప్పాలె, పోస్టర్ల హీరో లెక్కనే ఉన్న.

"మట్టిల గుంత కనపడాలె అన్నా, నీ స్టైల్ కాదు," అన్నడు వాడు. నేను నల్లదే ప్యాక్ చేయించిన.

తెల్లారి మా ఆమె మమత అవి పెట్టుకొని హాల్ల నడిచి స్టూలుకు తాకింది. "గీ మబ్బులకు గీ నల్లద్దమేంది? ఏం కనపడ్తలేదు," అన్నది.

"బండ్ల గురించి నీకేం తెలుసు," అన్న. అంతే, మాటలు బంద్.

మమత ఆఫీసు అమీర్‌పేటల. సాయంత్రం మెట్రో స్టేషన్ కింద నిలబడ్తది, నేను ఎక్కించుకొని పంజాగుట్ట మీదికెళ్లి ఇంటికి తీస్కపోత. ఆ రోజు అలవాటు కావాలెనని గాగుల్స్ పెట్టుకొనే పోయిన. సన్న చినుకులు, పైన మెట్రో లైను నీడ. నాకైతే పొద్దుగూకినట్టే ఉన్నది. మమత లెక్కనే నీలం డ్రెస్సు, నల్ల బ్యాగు కనపడ్డయి. బండాపిన. ఏం మాట్లాడకుంట ఎక్కి కూసున్నది. కోపం ఇంక తగ్గలేదనుకున్న.

ధైర్యం చేసి మొదలువెట్టిన. "పొద్దున నేను గట్ల అనొద్దుండె. నాదే తప్పు. నువ్వు నా మంచికే చెప్తవు, నాకే మొండితనం ఎక్కువ." పెండ్లయినప్పటి సంది గంత సాఫ్‌గ ఎన్నడు మాట్లాడలే.

వెనకనుంచి మెల్లగ, "పర్లేదండి," అన్నది.

'అండి' అంటున్నదంటే కోపం మస్తుగున్నదనుకొని, "ఆదివారం రైడింగ్ క్యాన్సిల్. ఎర్రగడ్డల మీ అమ్మోళ్లింటికి పోదాం," అన్న.

ఆమె, "ఏవండీ, నన్ను సోమాజిగూడలో దింపేస్తే చాలు. ఓటీపీ చెప్పమంటారా?" అన్నది.

పంజాగుట్ట సిగ్నల్ కాడ గాగుల్స్ పైకెత్తి తిరిగి చూసిన. ఎవరో ఏమో. పాపం, నన్ను బైక్ ట్యాక్సీ అనుకున్నది.

"మాఫ్ చెయ్యుర్రి మేడం, మా ఆమె అనుకున్న," అన్న.

ఆమె దిగి, నవ్వు ఆపుకుంట, "బాగా చెప్పారండి. ఇంట్లో కూడా అలాగే చెప్పండి," అని ఆటో ఎక్కి పోయింది.

అంతల్నే మమత ఫోన్. "నీ ముందల్నే నిలబడి చెయ్యి ఊపిన. నన్ను చూస్కుంటనే ఇంకొకామెను ఎక్కించుకపోయినవు. నేను ఆటోల పోతున్న. ఆమెను మంచిగ దింపి రా."

ఇంటికి పోయి మొత్తం చెప్పిన. మమత చేతులు కట్టుకొని విన్నది. "గంత మంచిగ చెప్పినవా? ఏదీ, నాకు సుత చెప్పు."

మొదలువెట్టిన. ఒక్క మాట సక్కగ రాలే.

"సారీ ఆమెకు పోతే పోయింది," అన్నది మమత. "ఆదివారం మాత్రం నాది."

గట్ల నా ఆఫ్‌రోడ్ రైడింగ్ అత్తగారింటికి మళ్లింది. అక్కడ చూస్తే పైపుల కోసం గల్లీ అంత తవ్విపెట్టిండ్రు. మట్టి, రాళ్లు, బురద. కొన్న పాపానికి నల్లద్దమే పెట్టుకున్న. ఒక్క గుంత కనపడలే. వెనకనుంచి మమత "కుడికి, ఎడమకు, ఆగు" అనుకుంట నడిపించింది.

ఇంటి ముందల బండాపంగనే అత్తమ్మ బయటికొచ్చింది. నా మొఖం దిక్కు వంగి, ఆ నల్లద్దంల చూస్కొని బొట్టు సరిచేస్కున్నది. ఆ లెన్స్ కొన్నంక దాంట్ల ఏమన్న సక్కగ కనపడ్డదంటే, ఆమెకొక్కదానికే.