లస్మవ్వ ఇచ్చిన వంతు

యాభై ఏళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. బరువైనదే. కానీ నవ్వుతూ మోశాను, అదే ఇంకా పెద్ద తప్పేమో. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది బోధన్ పక్కన చెరుకు పండించే ఊరు. బంగ్లాదేశ్ యుద్ధం నాడు నేను బొంబాయిలో ఉన్నాను. రేవుకు ఎదురుగా సముద్రంలో ఒక చిన్న దీవి. ఇంగ్లీషువాళ్ళు కట్టిన రాతికోట, గోడల మీద ఫిరంగులు. శత్రువు ఓడ రేవులోకి రావాలంటే ముందు ఆ దీవిని దాటాలి. అక్కడి సిపాయిలకు నేను వంటవాణ్ణి. అంతే. తాగే నీళ్ళు కూడా పడవలోనే వచ్చేవి. పప్పు గిన్నె నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి, ఫిరంగుల దగ్గర కూర్చున్నవాళ్ళకు వడ్డించేవాణ్ణి. యుద్ధం జరిగినన్నాళ్ళూ వాళ్ళు నీళ్ళవైపే చూస్తూ కూర్చున్నారు. ఏ ఓడా రాలేదు. ఒక్క ఫిరంగీ పేలలేదు.

ఒక సిపాయి ఇచ్చిన పాత ఖాకీ స్వెట్టరు తొడుక్కుని ఊళ్ళో బస్సు దిగాను. యుద్ధంలో ఫిరంగి పేల్చావా అని చుట్టూ చేరినవాళ్ళు అడిగారు. ఆఁ అన్నాను. ఎందుకన్నాను? భయమా? కాదు. అంతమంది నన్ను అంత ఇష్టంగా చూడటం అదే మొదటిసారి, ఆ చూపులు ఇంకాసేపు నా మీదే ఉండాలనిపించింది.

కొట్టిన చెరుకు నిలవుంటే ఎండి తూకం తగ్గుతుంది. అందుకే చక్కెర ఫ్యాక్టరీలో బండ్లు తూచే కాంటా ముందు బండ్ల వరుసలో ఎవరి వంతు వాళ్ళకు ప్రాణం. ఎడ్లను విప్పి, అక్కడే వండుకుని తిని, రోజులు గడిపేవాళ్ళం. నా కథ పెరిగింది ఆ వరుసలోనే. చెరుకుగడ భుజాన పెట్టి ఫిరంగి చూపించేవాణ్ణి. మొదటి ఏడు ఒక ఓడ ముంచాను. రెండో ఏటికి మూడు మునిగాయి! ఈలలే ఈలలు. మరాఠీ బండ్లవాళ్ళు అర్థమైనా కాకున్నా చప్పట్లు కొట్టేవారు. తలుచుకుంటే ముందు సిగ్గు రావాలి కదా? నాకు నవ్వే వస్తుంది, ఏం చేయను?

ఆ రెండో ఏడు నా ముందు బండి లస్మవ్వది. మొగుడు పోయినా తన బండి తానే తోలుకునే మనిషి. కూతురు తొలికాన్పుకు నిజామాబాద్ దవాఖానలో ఉంది. చెరుకు తూగగానే సాయంత్రం బస్సుకు పోవాలి, పుట్టిన బిడ్డను తానే ముందు చేతుల్లోకి తీసుకోవాలి. పొద్దుటినుంచి అందరికీ అదే చెబుతోంది. నేనూ విన్నాను. మూడో ఓడ మునగగానే ఆమె లేచి ఎడ్లను పక్కకు మళ్ళించింది.

"ముంగట నువ్వు పో బిడ్డా. దేశాన్ని కాసినోన్ని ఎనుక నిలవెడ్తరా?"

"వద్దవ్వా, నువ్వు దవాఖానకు పోవాలె గద."

"ఒక్క బండే గదరా, ఎంతసేపయితది? పో, పో!"

పోయాను. వద్దని ఒక్కసారే అన్నాను, అదీ మెల్లగా. నా బండి తూగింది, ఆ రోజుకు కాంటా మూసేశారు. ఆమె ఎడ్ల దగ్గరే ఆగిపోయింది. నేను ఖాళీ బండిలో పాడుకుంటూ ఇంటికి చేరాను.

తెల్లారేసరికి మనవడు పుట్టాడు. ఆమె వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. ఊరికి తిరిగొచ్చి బెల్లం పంచుతూ మొదటి ముద్ద నా నోట్లోనే పెట్టింది. పిల్లవాణ్ణి ఫౌజీ అని పిలుచుకుంటానంది. నా అంత ధైర్యం రావాలట వాడికి! ఆ బెల్లం తియ్యగా ఉంది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉంది.

లస్మవ్వ ఇప్పుడు లేదు. ఫౌజీ ప్రతి దసరాకు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాడు, ఓడల కథ చెప్పమని తన పిల్లల్ని నా ముందు కూర్చోబెడతాడు. వాడికి నిజం చెప్పే ధైర్యం వస్తుందా? తెలియదు. క్షమించమని అడగడానికి కూడా ఆమె లేదు. కానీ ఇది రాస్తుంటే ఛాతీ తేలికవుతోంది, చిన్నపిల్లాడిలా మళ్ళీ నవ్వొస్తోంది.

లస్మవ్వా, నేను పప్పు వండిన. ఒక్క ఓడ గూడ రాలే.