కుడి పక్క నెమలి

ఈ రోజు పొద్దున నేనొక నెమలి మెడ కోశాను. గుడ్డ మీద దారంతో కుట్టిన నెమలి. నా భార్య కోమల చాలా ఏళ్ళ కిందట కుట్టి, ముగించకుండా పెట్టెలో మడిచి పెట్టుకున్నది. దాన్ని తాకవద్దని నాకు చెప్పింది. అయినా తాకాను. పాత కుట్లు విప్పుతుంటే కత్తెర మొన కిందికి దిగి, దారంతో పాటు గుడ్డ పోగులు కూడా తెగిపోయాయి. మెడ దగ్గర వేలు దూరేంత చిల్లి పడింది.

ఇది ఈ రోజు చేసిన తప్పు. ఇదొక్కటే అయితే మీకు చెప్పాల్సిన పని లేదు. దీని కింద ఇంకొకటి ఉంది. దాన్ని నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మోస్తున్నానని కూడా చాలాకాలం నాకు నేను ఒప్పుకోలేదు. ఇక్కడ నా పేరు రాయడం లేదు. ఇంట్లోవాళ్ళ పరువు కోసం రాయడం లేదని మొదట అనుకున్నాను. కాదు. సిగ్గుతో రాయడం లేదు.

మాది తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తం. మగ్గాల ఇల్లు. తాత, నాయన, నేను, అందరమూ లుంగీలు నేసి బతికినవాళ్ళమే. పోయిన వానాకాలం నుంచి మోకాళ్ళు సహకరించక మగ్గం దిగాను. మగ్గం దిగిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఊరికే కూర్చోలేక కోమల పెట్టె తెరిచాను. ఆమె సగంలో వదిలేసిన క్రాస్ స్టిచ్ గుడ్డలన్నీ అందులో ఉన్నాయి. మ్యాటీ గుడ్డ మీద గళ్ళు చూసుకుంటూ, చిన్న చిన్న ఇంటూ మార్కుల్లా కుట్టుకుంటూ పోతే బొమ్మ తేలే పని అది. చిలకల జంట ఒకటి, ఒక మూల మాత్రమే గులాబీలు ఉన్న బల్లగుడ్డ ఒకటి, అన్నిటికీ అడుగున నెమళ్ళు.

"పని మానేసిన మగోళ్ళు పేకాట ఆడతారు. మీరేంది నా పెట్టె మీద పడినారు?" అంది కోమల.

"ఇవన్నీ ముగించేస్తాను, చూడు," అన్నాను.

"ముగించండి, ముగించండి. చిలకకు మాత్రం కాకి మూతి పెట్టొద్దండి."

పెట్టాను. ఈ పని ఇంత విసిగిస్తుందని నేననుకోలేదు. జీవితమంతా దారంతో బతికినవాణ్ణి, సూదిలో దారం ఎక్కించడానికే నా ఓపిక సగం అయిపోయేది. ఒక ఆకు ముగిసిందని తిప్పి చూస్తే వెనక అంతా దారం ముడులు. పాత లచ్చిలో పచ్చదారం అయిపోయింది. బజారులో అదే రంగని ఇచ్చినది ఇంటికి తెచ్చి ఎండలో చూస్తే వేరే పచ్చ. వేలూరు వెళ్ళి తెచ్చినదీ కలవలేదు. ఇంటూ మార్కులో పై కుట్టు ప్రతిసారీ ఒకే వైపుకు వాలాలట. నాకు తెలియదు. నా ఆకు ఒక్కటే వెలుగులో వేరేగా మెరిసేది. కోమల దూరం నుంచే చూసి చెప్పేది. విప్పేవాణ్ణి, మళ్ళీ కుట్టేవాణ్ణి. వారమంతా కూర్చుంటే ముందుకు జరిగింది బొటనవేలంత. మగ్గం మీదైతే ఈపాటికి ఎంత గుడ్డ నేసి ఉండేవాణ్ణో అని పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

అయినా ఎందుకు వదలలేదు? ఎవరైనా అడిగితే పొద్దుపోక అనేవాణ్ణి. నిజం అది కాదు. ఈ చిన్న గుడ్డలన్నీ ముగిస్తే, ముగించలేని ఆ పెద్ద గుడ్డ బాకీ కొంచెం తీరుతుందని నాలో నేను ఒక లెక్క వేసుకున్నాను. చెప్పాల్సిన మాటను చెప్పకుండా, దాని బదులు చిలకలు కుట్టాను.

ఇక నెమళ్ళ సంగతి.

కోమలది వేలూరు. వాళ్ళ నాయనకు బజారులో పచారీ అంగడి. మా ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు మగ్గం తెలియదు, క్రాస్ స్టిచ్ మాత్రం చక్కగా వచ్చు. వేలూరులో కుట్టు నేర్పే ఒకావిడ ఆమె పనితనం చూసి, పెద్ద బొమ్మ ఒకటి పూర్తిగా కుట్టి చూపిస్తే తన దగ్గర పిల్లలకు నేర్పడానికి పెట్టుకుంటానంది. ఆ మాట విన్న రోజు కోమల ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఎదురెదురుగా రెండు నెమళ్ళు, నడుమ తామరపూవు ఉన్న బొమ్మ ఎంచుకుంది. సరిపడా కొలిపించి మ్యాటీ గుడ్డ తెచ్చుకుంది. గుడ్డను నాలుగు మడతలు వేసి, నడుమ గుర్తు పెట్టుకుని, అక్కణ్ణుంచి మొదలుపెట్టబోయింది. ఆ పని నేర్చినవాళ్ళంతా అట్లాగే మొదలుపెడతారట.

అమ్మ, నేను చూసి నవ్వాం. నడుమ నుంచి గుడ్డ మొదలుకావడం మేమెక్కడా చూడలేదు. మాకు ఏదైనా అంచు నుంచే. "ఇట్లా ఇయ్యి" అని గుడ్డ లాక్కున్నది నేనే. ఎడమ అంచు నుంచి లెక్కపెట్టి ఎడమ నెమలికి ఒక నీలం దారం ముక్క, కుడి అంచు నుంచి లెక్కపెట్టి కుడి నెమలికి ఇంకొక ముక్క గుర్తుగా కట్టాను. నడుమ పూవు చివరలో కుట్టుకోమన్నాను. నేతవాడి లెక్క అని గొప్పగా గుడ్డ తిరిగి ఇచ్చాను.

ఎడమ అంచు కత్తెరతో కత్తిరించినది. కుడి అంచు మగ్గం మీద నేతలోనే వచ్చిన అంచు. అట్లాంటి అంచులో గట్టిదనం కోసం పోగులు జంటలుగా ఉంటాయి. మగ్గం మీద మేము ఆ జంటను ఒకటిగానే లెక్కిస్తాం. ఆ రోజూ అట్లాగే లెక్కించాను. ఆమెకు కావలసింది గళ్ళ లెక్క. నేను వేసింది పోగుల లెక్క, అదీ జంటలను ఒకటి చేసి. దాంతో కుడి పక్క గుర్తు ఒక గడి లోపలికి జరిగింది.

తెలియక చేసినది తప్పే గానీ, అది నన్ను ఇంతగా తినేది కాదు. ఆమె ఎడమ నెమలిని ముగించి, కుడి నెమలికి తోక మాత్రమే మొదలుపెట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆమె ఇంట్లో లేనప్పుడు ఆ గుడ్డను ఊరికే చేతిలోకి తీసుకున్నాను. నా బొటనవేలు అంచు మీద నడిచింది. జంట పోగులు వేలికి తగిలాయి. ఆ రోజు వాటిని ఒకటిగా లెక్కించానని గుర్తొచ్చింది. అప్పుడే చెప్పి ఉంటే తోక ఒక్కటే విప్పాల్సి వచ్చేది. ఏం అడ్డం వచ్చింది? వాకిట్లో అమ్మ ఉంది. అంతే. అమ్మ ముందు నా లెక్క తప్పిందనడం నాకు చేతకాలేదు. ఒక గడి ఎవరికి కనిపిస్తుందిలే అనుకుని గుడ్డను మడిచి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆ తరవాత ఏడాదికి పైగా, ఆమె ప్రతిరోజూ కిటికీ దగ్గర కూర్చుని తప్పుచోట కుట్టుకుంటూ పోవడం నేను మగ్గం మీద నుంచి చూస్తూ వచ్చాను. ఒక నెమలి పెరుగుతుంటే చూసి భయపడినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

పూవు దగ్గరికి వచ్చిన రోజు లత్తేరి నుంచి నా చెల్లెలు వనజ కూడా వచ్చి ఉంది. అమ్మ కండెలు చుడుతోంది. కోమల గుడ్డ పట్టుకుని మగ్గం దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, ఒక్క తూరి చూడండి. నడుమ పూవుకు ఒక గడి తక్కువొస్తా ఉండాది. నెమళ్ళు రెండూ సరిగానే ఉండాయి. గుర్తు పెట్టింది మీరు గదా, దాంట్లో ఏమన్నా..."

నేను నోరు తెరిచేలోపల అమ్మ అందుకుంది. "వాడు పెట్టిన గుర్తు తప్పతాదా? పుట్టినప్పట్నుంచీ పోగుల్లోనే పొర్లినోడు. అంగడోళ్ళ బిడ్డవి నువ్వు. పొట్లాలు కట్టేది తెలుస్తాదేమో గానీ, ఈ లెక్కా కణక్కూ నీకు యాడొస్తాది?"

వనజ పగలబడి నవ్వింది. "వదినా, ఆ గడిని నెమలి మింగేసినట్టుండాది. కడుపు తట్టి చూడు!"

కోమల వాళ్ళిద్దరి వైపూ చూడలేదు. నన్నే చూసింది. నేను గుడ్డను వెలుగుకు పట్టి లెక్కపెడుతున్నట్టు నటించాను.

"నా గుర్తు సరిగ్గానే ఉండాది. నువ్వే యాడో తప్పినావు," అన్నాను.

"అట్లనా," అంది. గుడ్డ తీసుకుని, "అయితే నేనే తప్పింటాను," అంది.

గుడ్డ మడిచి పెట్టెలో పెట్టింది. మళ్ళీ సూది పట్టలేదు. వేలూరు ఆవిడ రెండుమార్లు కబురు చేసింది. "లెక్క రానిదాన్ని, పిల్లోళ్ళకేం నేర్పిస్తాను" అని కోమల వెళ్ళలేదు. మా ఇంట్లో అదొక నవ్వులాట మాటగా నిలిచిపోయింది. పెళ్ళిలో విస్తరి ఒకటి తక్కువైతే "కోమల కణక్కు" అంటారు. పిల్లలు ఆటలో తప్పు లెక్క చెప్పినా "కోమల కణక్కు." అందరితో పాటు ఆమె కూడా నవ్వేది. ఆమె పక్కన కూర్చుని నేనూ నవ్వాను. నేను చేసిన వాటిల్లో ఇదే అన్నిటికంటే నీచమైనదని ఇప్పుడు అనిపిస్తుంది.

నవ్వుతో పోయి ఉంటే బాగుండేది. ఆమెకు తన చేతి మీద నమ్మకం పోయింది. అన్నానికి బియ్యం పోసి నన్ను చూడమంటుంది. గ్యాసు కట్టేసి, "ఒక్క తూరి చూడండి, సరిగ్గా కట్టినానో లేదో," అంటుంది. నేను వెళ్ళి చూసి "సరిగ్గానే ఉండాది" అంటాను. ఆ రోజు అన్న మాటే. ఇన్నేళ్ళూ ప్రతిరోజూ ఆ మాటే అంటున్నాను.

నేను చిలకలు కుడుతున్నప్పుడు ఆమె ఒకే ఒక్కటి అడిగింది. "ఆ నెమళ్ళను మాత్రం తాకొద్దండి. అది నా తప్పు. అట్నే ఉండనీయండి." అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. నిన్న ఆమె వేలూరులో అక్కను చూడ్డానికి వెళ్ళింది. ఆమె లేనప్పుడు కుడి నెమలిని విప్పి, ఒక గడి జరిపి, మళ్ళీ కుట్టేద్దామని ఈ పొద్దున కూర్చున్నాను. ఎంత పిచ్చి! ఏడాది పైగా కుట్టిన దాన్ని ఒక పూటలో జరపగలనా? జరిపినా ఎవరి కోసం? తప్పు జరగనే లేదన్నట్టు చెరిపేయడమే నాకు కావలసింది. చిల్లి పడ్డాక తెగిన పోగుల కొసలు దగ్గరికి లాగి చూశాను. తెగిన పడుగును ముడివేయడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ మగ్గం దిగిన గుడ్డలో తెగిన పోగుకు ముడివేసే చోటు ఉండదు.

మధ్యాహ్నం కోమల బస్సు దిగి వచ్చింది. నీళ్ళు తాగింది. గుడ్డ ఆమె ముందు పెట్టి మొత్తం చెప్పాను. జంట పోగులు, నా బొటనవేలు, ఆ మధ్యాహ్నం, అమ్మ ముందు ఆడిన అబద్ధం. సర్ది చెప్పుకోవడానికి ఒకటి రెండు మాటలు నోటి దాకా వచ్చాయి. మింగేశాను.

ఆమె చిల్లిలో వేలు పెట్టి చూసింది. తరవాత అంచును వేలితో తడిమింది.

"అత్తకు తెలుసునా?" అంది.

"లేదు."

అమ్మ పోయి నాలుగేళ్ళు. కోమల చేతి అన్నం తిని, ఆమె చేతనే ఒళ్ళు తుడిపించుకుని, కోడలికి లెక్క రాదనే నమ్మకంతోనే పోయింది.

"అయితే నాకు కణక్కు వస్తాది," అంది కోమల, నాతో కాదు. లేచి లోపలికి వెళ్ళింది.

నేను అక్కడ ఉండలేకపోయాను. స్టేషన్‌కు వెళ్ళి లత్తేరి రైలెక్కాను. వనజ నన్ను చూసి బెదిరిపోయింది. "అన్నా, ఏమాయె? ఎవురికన్నా బాగలేదా?"

చెప్పాను. మొదట నవ్వింది. "ఒక్క గడికా రైలెక్కి వచ్చినావు? ఫోను చాలదా?" నేను నవ్వకపోయేసరికి ఆమె నవ్వు ఆగింది. "అంటే ఇన్నేండ్లూ నేను వదినను ఉత్తుత్తికే ఆడిపోసుకుంటినా? నువ్వు పక్కనే కూచోని నవ్వతా ఉంటివే!"

"ఇంక ఆ మాట అనొద్దమ్మా," అన్నాను.

"నేనొకదాన్ని ఆపితే సరిపోతాదా? నా బిడ్డలంటారు. పరదరామిలో చిన్నాయన ఇంట్లో అంటారు. అందరికాడికీ నువ్వే పోయి చెప్పుకో."

చెప్పుకోవాలి. ఎల్లుండి పరదరామి వెళ్తాను. వస్తూ వస్తూ బజారులో కొత్త మ్యాటీ గుడ్డ ఒకటి కొన్నాను. మళ్ళీ కుట్టమని అడిగే హక్కు నాకు లేదు. చినిగిన దాని పక్కన పెట్టడానికి కొన్నాను, అంతే. బల్ల మీద పెట్టి వచ్చాను. మడత విప్పలేదు, అంచు తాకలేదు, ఏ లెక్కా చూడలేదు.

కోమల బడి అంతా తమిళంలోనే. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అందుకేనా ఇది తెలుగులో రాస్తున్నాను అని నన్ను నేను అడిగాను. ఆ అనుమానం ఉండబట్టే ముందు ఆమెకు నోటితో చెప్పి, ఆ తరవాతే ఇది రాయడానికి కూర్చున్నాను. ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు. చెప్పినందువల్ల ఏం మారిందో తెలియదు. ఊపిరి మాత్రం కొంచెం కిందికి దిగుతోంది.

ఇందాక కోమల పాలు కాచి దించింది. గ్యాసు కట్టేసిన చప్పుడు ఇక్కడి దాకా వినిపించింది. అలవాటుగా కుర్చీలోంచి సగం లేచాను.

చూడమని ఆమె పిలవలేదు.