గ్నాట్ ముక్కు మీద కుంకుమ

మా ఇంటి కిటికీలు ఏడాది పొడుగునా మూసే ఉంటాయి. బళ్లారి పక్క కుడతిని ఊళ్లోని బొగ్గు కరెంటు ప్లాంటు బూడిద అలాంటిది. పొద్దున తుడిచిన నేల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మా ఆయన ఆ ప్లాంటులోనే షిఫ్టుల ఉద్యోగం చేస్తాడు. ముందుగదిలో ఆయన అద్దాల బీరువా, అందులో ఇరవైమూడు యుద్ధవిమానాలు. ప్లాస్టిక్ అంటే ఆయనకు గిట్టదు. ఇవి లోహం కరిగించి అచ్చులో పోసిన డైకాస్ట్ బొమ్మలు, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. సేకరించేది ఆయన. శుక్రవారం శుక్రవారం మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపేది నేను. ఎవరి పిచ్చి వారికి ఆనందం అంటారు. మా ఇంట్లో పిచ్చి ఆయనది, చాకిరీ నాది.

దులుపుతూ దులుపుతూ వాటి కథలన్నీ చదివేశాను. పెళ్లికి ముందు బళ్లో చరిత్ర చెప్పినదాన్ని, ఊరికే ఉండగలనా! హరికేన్ అనే బ్రిటిష్ విమానం వెనక భాగమంతా గుడ్డే. గుండ్లు దూసుకుపోతే అతుకు వేసి మళ్లీ ఎగరేసేవారట. బర్మా యుద్ధంలో మనవాళ్లు కూడా దాన్ని నడిపారు. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ విమానంలో పైలట్ నెత్తి మీది అద్దాల మూత పక్కకు తెరుచుకుంటుంది. నేల మీద తలకిందులైతే లోపలివాడు ఎంత తోసినా అది రాదు. అది చదివిన రోజు బొమ్మను కింద పెట్టేసి, లేచి కిటికీ తీశాను. గుప్పున బూడిద. మళ్లీ మూశాను. ఊపిరాడనట్టయి ఏడుపొచ్చింది.

అప్పటికి నా ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉంది. బళ్లారిలో ఒక బడివాళ్లు నన్ను చరిత్ర టీచరుగా రమ్మన్నారు. దసరా సెలవులు అయ్యాక వచ్చే సోమవారం చేరాలి. ఈయన్ను అడిగితే, "సూస్తాం లే" అన్నాడు. వారం తర్వాత మళ్లీ అడిగితే, "సూస్తాం అన్నా కదా, ఏంది నీ తొందర?" అన్నాడు. వద్దంటే పోట్లాడేదాన్ని. సూస్తాం అన్నవాడితో ఎట్లా పోట్లాడాలి? ఆశ చావక రెండు కాటన్ చీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్నాను.

ఆయుధపూజ రోజు ఆయన పొద్దుటి షిఫ్టుకు పోయాడు. దేశనూరు నుంచి మా అత్త ఫోను చేసింది. "కత్తిపీట, కొడవలి, స్కూటరు, దేన్నీ మరిసిపోబ్యాడమ్మా. ఇనుమైతే సాలు, బొట్టు పెట్టు." ఈ ఇంట్లో కొడవలి ఎక్కడిది? ఆయుధాలంటే బీరువాలో ఉన్నవే. అవి ఇనుము కాదు, జింకు అని చెప్తే ఆవిడ వింటుందా! ఇరవైమూడూ దించి పీటల మీద పెట్టాను. కుంకుమ నిలవాలని నూనెలో తడిపి, ఒక్కోదాని ముక్కు మీద బొట్టు పెట్టాను. ఒక్కోదానికి ఒక బంతిపువ్వు. భక్తితోనా, కచ్చతోనా అని ఎవరైనా అడిగితే రెండూ అంటాను.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. చెప్పు ఒకటి విప్పి, రెండోది విప్పకుండానే నిలబడిపోయాడు.

"ఏందే ఇది?"

"ఆయుధపూజప్పా. అత్త చెప్పింది."

ఆయన గ్నాట్‌ను చేతిలోకి తీసుకున్నాడు. పాకిస్తాన్‌తో యుద్ధంలో తనకన్నా పెద్దవైన సేబర్ జెట్లను కూల్చిన బుల్లి విమానం. అన్నింట్లో అదంటే ఆయనకు ప్రాణం. గుడ్డతో తుడిచాడు. ఎరుపు వెండిరంగు మీదంతా పాకింది. ఇంకా గట్టిగా రుద్దితే రెక్క మీది మూడు రంగుల గుండ్రటి గుర్తు గుడ్డకు అంటుకుని వచ్చేసింది. తప్పు నాదే. ఒప్పుకుందామని నోరు తెరిచేలోపే ఆయన అరిచాడు.

"బొమ్మలకు బొట్లు పెట్టేదానివి, నువ్వు పిల్లోల్లకు సదువు సెప్తావా? నువ్వు రావని ఆ బడోల్లకు నేను ఫోన్ చేసి సెప్పేసింది మంచిదే అయింది!"

నాకు ముందు అర్థం కాలేదు. "ఎప్పుడు చెప్పినావప్పా?"

ఆయన గుడ్డ వైపే చూస్తున్నాడు. "వాళ్లు పిలిచిన మర్నాడే."

మర్నాడే! బడివాళ్ల నంబరు ఆయనకు ఇచ్చింది నేనే, బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కోమని. మూడు వారాలు నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన సూస్తాం అంటూనే ఉన్నాడు. అరవాలనిపించింది. ఒక్క విమానాన్నయినా గోడకేసి కొట్టాలనిపించింది.

ఇంతలో ఆయన గొంతు మెత్తబడింది. "ఇది పోతా లేదే. దేంతో రుద్దాల?"

ఆయనకు తెలీదు, నాకు తెలుసు. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, దూదితో అద్దాలి, రుద్దకూడదు. చెప్పాను. దూది కూడా నేనే తెచ్చి, ఆయన పక్కన కూర్చుని, మిగతా ఇరవైరెండూ నేనే తుడిచాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.