ప్రమాణం అడగని మాట

ఆ ఆదివారం పొద్దున్నే, చర్చికి పోయే ముందు, పక్క చేని గట్టు కోసి నీళ్లు నా మడిలోకి తిప్పుకున్నాను. వంతు నాది కాదు, మెరకన ఉన్న ఆ రైతుది. నా నారు ఎండిపోతోందన్న భయంతో చేశాను. మడి తడవగానే గండి పూడ్చి, కాళ్లు కడుక్కొని, తెల్లపంచె కట్టి వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. ఆ రోజు పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

అరవైల మొదట్లో అల్లూరు వైపు నీళ్లకు అంత కరువు. వంతుల ప్రకారం కాలువ నీళ్లు వదిలే నీరుగంటి మీద మధ్యాహ్నం ఊరంతా పడింది.

"మడి తడవలేదు. నీళ్లు యాడికి పొయినాయిరా? నిద్రపొయినావా?"

"లేదు సామీ, కన్ను మూయలేదు."

మా ఊళ్లో తగువొస్తే కర్పూరం వెలిగించి ప్రమాణం చేయించేవారు. మేము క్రైస్తవులం, ప్రమాణాలు చెయ్యం కాబట్టి, మా నాన్న కాలం నుంచి మా ఇంటివాళ్ల ఉత్త మాటనే నమ్మేవారు. పల్లపు చేను నాది కాబట్టి, ఊళ్లో తగువులు తీర్చే పెద్దరైతు నన్ను కూడా పిలిపించాడు. ఆయన అలవాటుగా కర్పూరం తెమ్మంటే, నీళ్లు పోయిన రైతే అడ్డుపడ్డాడు.

"ఆ అన్నకు కర్పూరమెందుకు? చెప్పన్నా, పొద్దున చేలోకి పొయినావా?"

"ఆదివారం నేను చేలో దిగను కదా," అన్నాను.

"విన్యారా? ఈయన అబద్ధమాడితే మన సముద్రం నీళ్లు తియ్యగా అయిపోతాయి," అన్నాడతను. అందరూ నవ్వారు.

నీరుగంటి మాత్రం తల గోక్కున్నాడు. "అన్నే చెప్పినాడంటే, నేనే కునికినానేమో," అన్నాడు. రేపటినుంచి కాలువ మీదికి రావద్దని అతనికి చెప్పేశారు.

ఇంటికి వచ్చాను కానీ కూర్చోలేను, పడుకోలేను. అన్నం ముందు నుంచి రెండుసార్లు లేచాను.

"ముళ్ల మీద కూర్చున్నట్టు ఏందది?" అంది నా భార్య.

ఆమెకు జరిగింది చెప్పాను. నేను నీళ్లు దొంగిలించినదానికంటే, మేలుకొని ఉన్న మనిషి నా మాట విని తన కళ్లనే నమ్మకపోవడం నన్ను నిలవనివ్వలేదు.

పొద్దు గుంకకముందే అందరినీ కూర్చోబెట్టాను. "గట్టు కోసింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఆయన కునకలేదు."

నీరుగంటి మర్నాడు మళ్లీ పార భుజాన వేసుకొని కాలువ మీదికి పోయాడు. పక్క చేని రైతు మాత్రం, "ఇంకమీద నీక్కూడా కర్పూరమేనన్నా," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తరువాతి ఆదివారం నీటి వంతు నాది. చర్చి గంట మోగుతుంటే, నీళ్లు తోడే గూడబుట్టకు ఒకవైపు తాళ్లు నేను, రెండోవైపు తాళ్లు నా భార్య పట్టుకొని, నా మడి నీళ్లు మెరక చేనికి ఎత్తిపోయడం మొదలుపెట్టాం.

"ఆదివారం దిగవంటివే?" అన్నాడు ఆ చేని రైతు, గట్టు మీద నిలబడి.

"దిగినాను," అన్నాను.

అతని నారు మొదళ్లు మునిగేదాకా గూడ దించలేదు.